కుర్చీలో నడిపిన బస్సు

మా మామయ్య బస్సు నడపడం మేడ మీద నేర్చుకున్నాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎడమ కాలి కింద ఒక పాత చెప్పు, కుడి కాలి దగ్గర పక్కపక్కనే రెండు చెప్పులు, చేతుల్లో వెడల్పాటి స్టీలు పళ్లెం. ఎడమ చెప్పు క్లచ్చి, కుడి వైపువి బ్రేకు, యాక్సిలరేటరు. పళ్లెం స్టీరింగు. గేరు రాడ్డు కోసం మొదట్లో గొడుగు నిలబెట్టుకునేవాడు కానీ అది పడిపోతూ ఉంటే విసుగు పుట్టి, గాలిలోనే గేర్లు వేయడం అలవాటు చేసుకున్నాడు. ఇదంతా ఆరేసిన దుప్పట్ల చాటున జరిగేది. దుప్పట్లు లేని రోజు మామయ్య మేడ ఎక్కేవాడు కాదు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మేం కింది వాటాలో, మామయ్యా అత్తయ్యా పై వాటాలో ఉండేవాళ్ళం. రాత్రి భోజనాలు మాత్రం అందరం కలిసే. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆయన టౌన్ బస్సులో కండక్టరు. మార్కెట్ నుంచి పెద్దాసుపత్రి దాకా వెళ్ళే బస్సు. బస్సు నిండా జనం కిక్కిరిసి ఉన్నా కడ్డీ పట్టుకోకుండా నడిచేవాడు. బస్సు ఎటు ఒరిగితే అటు ముందే ఒరిగేవాడు. "రైట్ రైట్" అని ఆయన అరిచే తీరుకి ఆ దారిలో వాళ్ళంతా ఆయనకి ఆ పేరే పెట్టేశారు. నేను కాలేజీకి వెళ్తుంటే "రైట్‌రైట్ గారి మేనకోడలు" అని చోటిచ్చేవాళ్ళు.

ఆ బస్సు డ్రైవరునీ మామయ్యనీ విడదీసి చెప్పడం కష్టం. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే బస్సులో పనిచేయడమే చుట్టరికం. డ్రైవరు పెద్దగా మాట్లాడడు. మామయ్య ఊరుకోడు. ఇరుకు సందుల్లోకి బస్సు తిరిగినప్పుడు మామయ్య ముందు తలుపు దగ్గరి తన సీట్లోంచి వంగి, కింద అంచు చూస్తూ, "రానీ, రానీ, ఇంకా జాగా ఉంది, చాలు" అని బస్సు రేకు మీద చేత్తో కొట్టేవాడు. డ్రైవరు అటు చూసేవాడే కాదు. ఎవరైనా అడిగితే, "కుడి వైపు నాది, ఎడమ వైపు మా బావది" అనేవాడు.

తర్వాత టికెట్లు కొట్టే మిషన్లు వచ్చాయి. జనమే కార్డు పెట్టి ఎక్కుతారు, కండక్టర్లతో ఇక పని లేదన్నారు. ఉద్యోగాలు తీసేయం కానీ, డ్రైవింగు నేర్చుకుని పరీక్ష పాసైన వాళ్ళు డ్రైవర్లవుతారు, మిగిలిన వాళ్ళు డిపోలో బస్సులు కడిగే షెడ్డుకి వెళ్ళాలి అని చెప్పారు.

మామయ్య ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పాడు.

"అదెంత పని? ఇంజను దగ్గితే చాలు, దాని రోగమేంటో చెప్పేస్తాను. ఇన్నేళ్ళూ నేను చెబితేగా ఆయన నడిపింది."

"మీకు సైకిలే సరిగ్గా రాదు," అంది అత్తయ్య.

"సైకిల్ వేరు. దానికి ఇంజను లేదు. నన్ను నేనే తోసుకోవాలి."

అత్తయ్య నమ్మింది. నమ్మడంతో ఆగకుండా ఎదురింటి దర్జీకీ ఆయన భార్యకీ, పాల బూత్ ఆమెకీ, అద్దెకి వచ్చిన కొత్తవాళ్ళకీ కూడా మా ఆయన డ్రైవరవుతున్నాడని చెప్పేసింది. మామయ్య వీధిలోకి రాగానే దర్జీ కుట్టుమిషను ఆపి, "ఏమండీ, మమ్మల్ని ఎప్పుడు ఎక్కించుకుంటారు?" అని అడిగేవాడు. "సీటు బెల్టు కుట్టి తెచ్చుకోండి, ఎక్కిస్తా" అనేవాడు మామయ్య. మొదటి రోజు దాకా అంతా హుషారే.

డిపో యార్డులో శిక్షణకి ఇచ్చింది ఒక్కటే పాత బస్సు. నేర్చుకోవలసిన కండక్టర్లు బోలెడుమంది. ట్రైనింగు మాస్టారు బక్కపలచటి మనిషి, మాట మాత్రం గట్టి. అందరిలో పెద్దవాడని మామయ్యనే ముందు ఎక్కమన్నాడు. మామయ్య చొక్కా సర్దుకుని, కిందున్న కుర్రకారుకి చెయ్యూపి మరీ ఎక్కాడు. క్లచ్చి వదిలాడు. బస్సు ముందుకొక ఊపు ఊగి, వెనక్కొక ఊపు ఊగి, ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ అంతే.

"ఎవరైనా నీళ్ళు పట్టండ్రా, బస్సుకి ఎక్కిళ్ళు వచ్చాయి," అని కింద నుంచి ఎవరో అన్నారు.

మామయ్య కూడా నవ్వాడు. మూడోసారి ఊపుకి ఆయన నుదురు స్టీరింగుకి తగిలి హారను మోగింది. అందరికంటే చిన్నదైన కండక్టరమ్మాయి పగలబడి నవ్వుతూ, "బాబాయ్, ఆ అరిచింది టికెట్ తీసుకుందో లేదో ఒకసారి అడిగి చూడండి," అంది. ఆ అమ్మాయికి పని నేర్పింది మామయ్యే. బస్సులో కోడి కూసినా పిల్లాడు ఏడ్చినా మామయ్య రోజూ ప్రయాణికులతో అనే హాస్యమే అది. తన మాటే తనకి ఎదురొచ్చేసరికి చెవులు కాలిపోయాయట. కిందకి దిగి, "మోకాలు పట్టేసింది. ముందు మీరు కానివ్వండి," అన్నాడు.

ఆ మోకాలు ఇక వదల్లేదు. తన వంతు వచ్చినప్పుడల్లా, "నువ్వు ఎక్కు తమ్ముడూ, చిన్నపిల్లలున్నవాడివి, నీకు తొందర," అని ఒకరికీ, "నువ్వు ఎక్కమ్మా, ఎండెక్కుతోంది," అని మరొకరికీ ఇచ్చేసేవాడు. వాళ్ళు మామయ్య మంచితనానికి మురిసిపోయి ఎక్కేవాళ్ళు. అంత గుంపులో ఎవరు నడిపారో, ఎవరు నడపలేదో మాస్టారు గమనించలేదు.

ఆ మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. రోజూ చివర్లో అందర్నీ నీడలో నిలబెట్టి చెప్పేవాడు.

"ఒక్క బండితో ఇంతమందికి నేనేం నేర్పను? సగం పని ఇక్కడ, సగం మీ ఇంట్లో. కుర్చీలో కూర్చోండి. కళ్ళు మూసుకోండి. సినిమా చూసినట్టు బస్సుని చూడటం కాదు, మీరు నడపాలి. కాలికి క్లచ్చి బరువు తెలియాలి. చేతికి గేరు తగలాలి. తప్పు జరిగితే మనసులోనే వెనక్కొచ్చి మళ్ళీ చేయండి. మర్నాడు ఇక్కడ అదే పని ఒంటితో చేయండి. రెండు సగాలూ కలిస్తేనే డ్రైవరు."

"కుర్చీకి పెట్రోలు ఎవరిస్తారు సార్?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. మామయ్య నవ్వలేదు. చూసేవాళ్ళు లేని చోట, ఎక్కిళ్ళు రాని బస్సు. ఆయనకి కావలసింది అదే. ఆ సగం పట్టుకుని ఇంటికొచ్చేశాడు.

దాంతో మేడ మీద బస్సు మొదలైంది. నేను చదువుకోవడానికి పైకి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం దుప్పటి తొలగించి చూస్తే, మామయ్య కళ్ళు మూసుకుని పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. అలికిడికి ఉలిక్కిపడి పళ్లెం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పళ్లెం ఆరబెడుతున్నాను," అన్నాడు.

"ఎండ లేదు కదా మామయ్యా."

"గాలికి."

నేను పుస్తకం తీసుకుని నీళ్ళ ట్యాంకు అవతలికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత మా ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, తెలియనట్టే ఉండేవాళ్ళం. అవతలి వైపు నుంచి నాకు ఆయన గొణుగుడు వినిపించేది. ముందు "రైట్ రైట్" అని తనకి తనే చెప్పుకునేవాడు. అప్పుడుగాని క్లచ్చి వదిలేవాడు కాదు. తర్వాత నోటితోనే ఇంజను చప్పుడు. ఆ చప్పుడు మొదట్లో తెగిపోతూ ఉండేది, రోజులు గడిచేకొద్దీ ఎక్కడా తెగకుండా సాగింది. దుప్పటి కింది అంచులోంచి ఆయన ఎడమ పాదం కనిపించేది. చెప్పు మీద నుంచి మడమ ఎంత నెమ్మదిగా లేచేదంటే, అది లేస్తోందని కాసేపు చూస్తేగాని తెలిసేది కాదు. పిక్క కండ బిగుసుకునేది. దిగి వచ్చేటప్పుడు చొక్కా వీపంతా తడిసి ఉండేది.

ఆ గొణుగుడు నాకు చెవుల్లో పడుతూనే ఉండేది. "పాల బూత్ వచ్చింది, బయటికి లాగు. గుంత. రెండో గేరు. స్టాపు, స్టాపు. అంచుకి రా. ఇంకా రా. చాలు." మార్కెట్ నుంచి పెద్దాసుపత్రి దాకా ఒక్క స్టాపు కూడా వదిలేవాడు కాదు.

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య అడిగేది, "ఇవాళ ఎలా నడిపారు?"

"బాగానే," అనేవాడు మొదట్లో, పళ్లెంలోకి చూస్తూ. తర్వాత్తర్వాత ఆ మాటకి కాళ్ళొచ్చాయి. "మలుపు దగ్గర కొంచెం గట్టిగా తిప్పాను. అంతే, మిగతాదంతా వెన్నలా వెళ్ళింది." ఆ మలుపూ ఆ వెన్నా మేడ మీదివి. అబద్ధం చెబుతున్నానని ఆయనకి తెలుసు. కానీ అరికాళ్ళు నిజంగానే నొప్పి పుట్టేవి, అందుకని అది పూర్తి అబద్ధంలా అనిపించేది కాదని తర్వాత చెప్పాడు. అత్తయ్య ఆ ముక్కలన్నీ మర్నాడు వీధిలో పంచేది.

పరీక్ష రోజు వచ్చింది. దారి మా వీధి చివరి స్టాపు మీదుగానే. మామయ్య అత్తయ్యని స్టాపు దగ్గరికి రావద్దన్నాడు.

"ఎందుకు రాకూడదు?"

"ఎదురుగా నువ్వుంటే నాకు నవ్వొస్తుంది."

అత్తయ్య వచ్చింది. నన్ను వెంటబెట్టుకొచ్చింది. దర్జీ, ఆయన భార్య, పాల బూత్ ఆమె కూడా వచ్చారు. స్టాపులో రోజూ ఎక్కే వాళ్ళు కొందరు బెంచీ మీద ఉన్నారు. మలుపు తిరిగి ఆ పాత బస్సు కనిపించింది. డ్రైవరు సీట్లో మామయ్య, వెనక మాస్టారు. ఊపు లేదు, కుదుపు లేదు. గేరు మారిన చప్పుడు కూడా మెత్తగా వినిపించింది. నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదు అన్నట్టుగా వచ్చింది.

"చూశావా," అంది అత్తయ్య నాతో.

బస్సు మా వైపు తిరిగి అంచుకి రావడం మొదలుపెట్టింది. వచ్చింది. ఇంకా వచ్చింది. అంచు దగ్గర ఆగలేదు. ముందు ఎడమ చక్రం మెల్లగా, ఎంతో మర్యాదగా ఫుట్‌పాత్ ఎక్కింది. బెంచీ మీది వాళ్ళు లేచి పరుగెత్తారు. దర్జీ నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. పక్కనున్న అద్దం స్టాపు బోర్డు స్తంభానికి తగిలి పగిలింది, బెంచీ కాలు వంగింది. లోపల నుంచి "హోల్డాన్" అని మామయ్య కేక వినిపించింది. బస్సు ఆపమని ఇన్నేళ్ళూ డ్రైవరుకి వేసిన కేక అది. ఆ కేకకి ఆయన కాలే బ్రేకు మీద పడింది. బస్సు ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. అందరం అది తేల్చుకునే లోపు ఒకావిడ, "అయ్యో, మన రైట్‌రైటే," అంది. కోపంతో అన్నది కాదు, జాలితో అంది. అదే ఎక్కువ తగిలినట్టుంది. మామయ్య ఆ మాట విన్నాక ఎడమ వైపు చూశాడు. ఫుట్‌పాత్ అక్కడికి ఎలా వచ్చిందో అర్థం కానట్టు చూశాడు. అప్పుడు అత్తయ్య కనిపించింది.

మాస్టారు కిందకి దిగి చక్రం చూసి, బెంచీ చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"క్లచ్చి బాగుంది. గేర్లు బాగున్నాయి. చెయ్యి నిలకడగా ఉంది. ఇంత తెలిసినవాడివి ఫుట్‌పాత్ ఎక్కించడమేంటయ్యా? యార్డులో ఈ పొరపాటు నేనెందుకు పట్టుకోలేదు? ఆగు. యార్డులో నువ్వు బండి కదిలించగా నేను చూసినట్టే గుర్తు లేదు. మొదటి రోజు తర్వాత మళ్ళీ ఎక్కావా అసలు?"

మామయ్య స్టీరింగు మీది తన చేతులనే చూసుకుంటున్నాడు.

"నిన్నే అడుగుతున్నా. ఎక్కావా?"

"లేదు సార్."

వీధి వీధంతా అక్కడే ఉంది. రోజూ ఎలా నడిపాడో అత్తయ్య నోట విన్నవాళ్ళే అందరూ. ఎవరూ అత్తయ్య వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి దర్జీ భార్య వంగిన బెంచీ కాలిని సరిచేయబోయింది. మామయ్య రోడ్డు వైపు తలుపులోంచి దిగాడు, మాకు ఎదురు పడకుండా. కానీ డిపోకి దారి ఇటే. బస్సు చుట్టూ తిరిగి మా ముందు నుంచే తల వంచుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఆ పూట ఇంట్లో అత్తయ్య అన్నం వడ్డించి గోడకి ఆనుకుని నిలబడింది.

"రోజూ నడిపానన్నారుగా."

"నడిపాను."

"ఎక్కడ?"

మామయ్య తలెత్తకుండా వేలు పైకి చూపించాడు. అత్తయ్య పైకప్పు వైపు చూసింది. కాసేపటికి అర్థమైంది. ఏమీ అనలేదు. పళ్లెం కనిపించని రోజుల్లో నా మీద విసుక్కున్న సంగతి కూడా ఎత్తలేదు. నవ్వినా తిట్టినా బాగుండేదని మామయ్య తర్వాత అమ్మతో అన్నాడు.

"నవ్వుతారనేగా ఇంత చేశావు?" అంది అమ్మ. "ఇప్పుడు నవ్వలేదని ఏడుస్తున్నావా?"

షెడ్డుకి పంపారు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పొడవాటి బ్రష్షు. తన పాత బస్సుని తనే కడగాలి. మార్కెట్ దారిన వెళ్తే తెలిసినవాళ్ళు ఎదురవుతారని వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. బూట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళి అక్కడే తొడుక్కునేవాడు. కడుగుతుంటే కండక్టర్లుగా ఉండి డ్రైవర్లయినవాళ్ళు బస్సులు తెచ్చి వరసలో పెట్టేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ చిన్న కండక్టరమ్మాయి కూడా డ్రైవరయింది. ఒకరోజు బస్సు దిగుతూ, "బాబాయ్, ఆ రోజు..." అని ఏదో చెప్పబోతే మామయ్య నీళ్ళ పంపు తిప్పేసి, ఆ చప్పుడులో వినబడనట్టు ఊరుకున్నాడు. మేడ మీదికి వెళ్ళడం పూర్తిగా మానేశాడు. కుర్చీ నేనే వాడుకునేదాన్ని.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. మామయ్య ఇంట్లో లేనని చెప్పమన్నాడు. అత్తయ్య, "ఉన్నారు అన్నయ్యా, రండి," అంది.

డ్రైవరు కూర్చోలేదు. "పద బావా, మేడ మీదికి. నువ్వు నడిపితే చూస్తా."

"ఎగతాళికొచ్చావా?"

"ఎగతాళి చేయాలంటే షెడ్డుకే వచ్చేవాణ్ణి. అక్కడైతే జనం ఉంటారు. మాస్టారితో మాట్లాడాను. అంత బాగా క్లచ్చి తొక్కినవాడు అంచు చూసుకోకపోవడం ఆయనకీ అంతు చిక్కలేదట. నాకూ చిక్కలేదు. ఎడమ అంచు నీకంటే ఎవరికి తెలుసు?"

పైకి వెళ్ళాం. అత్తయ్య టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. మామయ్య కుర్చీలో కూర్చున్నాడు కానీ పళ్లెం అందుకోవడానికి చెయ్యి రాలేదు. పెళ్ళాం ముందు, బావ ముందు, నా ముందు. చెవులు ఎర్రబడ్డాయి. డ్రైవరే పళ్లెం తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు.

"కళ్ళు మూసుకో. ఏం కనిపిస్తోందో పైకి చెప్పు. స్టాపుకి వస్తున్నావు."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "రైట్ రైట్... పాల బూత్ దాటాం. అంచుకి వస్తున్నా. తలుపు మెట్టు కనబడుతోంది. ఫుట్‌పాత్ రాయి నా కాలి పక్కనే వస్తోంది. మురుగు మూత. ఇంకొంచెం. రాయికీ మెట్టుకీ మధ్య బెత్తెడు జాగా. చాలు."

"సరే. ఇప్పుడు కుడి వైపు చూడు. ఏముంది?"

"కుడి వైపు..." మామయ్య కళ్ళు మూసుకునే తల తిప్పాడు. "నువ్వున్నావు."

డ్రైవరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. "నేనేం చేస్తున్నా?"

"స్టీరింగు పట్టుకుని..." అని మామయ్య ఆగిపోయాడు. పళ్లెం మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"నేను నా సీట్లో ఉంటే, మరి నువ్వెక్కడ కూర్చున్నావు బావా?"

మామయ్య కళ్ళు తెరిచాడు. చెప్పక్కర్లేకపోయింది. ఇన్ని సాయంత్రాలూ ఆయన బస్సు నడిపింది ముందు తలుపు పక్కన ఉన్న కండక్టరు సీట్లోంచి. కాళ్ళు క్లచ్చి తొక్కాయి, చేతులు స్టీరింగు తిప్పాయి, కళ్ళు మాత్రం జీవితమంతా చూసిన చోటునుంచే చూశాయి. తన కాలి పక్కకి ఫుట్‌పాత్ రావడమే ఆయనకి తెలిసిన లెక్క. పరీక్ష రోజున డ్రైవరు సీట్లో కూర్చుని అలాగే తన కాలి పక్కకి తెచ్చుకోబోయాడు. మధ్యలో బస్సు వెడల్పంతా ఉందని కళ్ళకి ఎవరూ చెప్పలేదు. యార్డులో ఒక్కరోజు బండి కదిలించినా తెలిసిపోయేది.

డ్రైవరుకి నవ్వు ఆగలేదు. టీ ఒలికింది. "నీ సీట్లోంచి నా బస్సు నడిపావా ఇన్నాళ్ళూ? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని?" అని పడీ పడీ నవ్వాడు. మామయ్య మొహం చూసి ఆగాడు.

అత్తయ్య నవ్వలేదు. గ్లాసులు పక్కన పెట్టి, కిందికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చింది.

"బస్సు వెడల్పు ఎంతుంటుంది అన్నయ్యా?"

డ్రైవరు మామయ్య కుర్చీ దగ్గర్నుంచి ఎడమకి అడుగులు వేసి, అలవాటు పడిన అంచనాతో ఒకచోట ఆగాడు. అత్తయ్య అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది. మామయ్య అటు చూశాడు. అంత దూరం ఉంటుందని ఆయన అనుకోలేదు.

"అంచు ఇక్కడ," అంది అత్తయ్య, తన ఎడమ కాలు చూపించి. "మీ దగ్గర కాదు. నడపండి."

"నువ్వు కింద పని చూసుకో."

"నాకు పనేం లేదు. రోజూ ఎలా నడిపారని అడిగాను గదా, ఇవాళ చూస్తాను."

ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ అలా దూరం దూరంగా కూర్చుని సాయంత్రాలు గడిపారు. కళ్ళు మూసుకున్నప్పుడు పాత సీటు మామయ్యని లాగేసేదట. ముందు కుడి భుజం పక్కన కిటికీ తెచ్చుకోవాలి. తర్వాత కాళ్ళ ముందు ఇంజను వేడి. చివరికి, ఎడమ పక్క దూరంగా ఒక మనిషి. నడుస్తూ నడుస్తూ ఉండగా ఆ మనిషి మాయమై మళ్ళీ తనే అక్కడ ఉండేవాడు. అప్పుడు ఆపేసి, మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

డ్రైవరు వెళ్తూ వెళ్తూ చెప్పిన మాట ఒకటి మిగిలింది. "ఇది ఇంట్లో సగం బావా. రెండో సగం యార్డులో ఉంది. అది నేను తెచ్చివ్వలేను."

మామయ్య ఆ సగాన్ని చాలా రోజులు వాయిదా వేశాడు. చివరికి ఒక ఉదయం, షెడ్డు పని మధ్యలో, రబ్బరు బూట్లతోనే యార్డు దాటి మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళు చుట్టూ ఉన్నారు. వాళ్ళందరూ ఫుట్‌పాత్ కథ విన్నవాళ్ళే.

"నా వంతు ఇప్పించండి సార్," అన్నాడు.

"నీ వంతులన్నీ పంచిపెట్టావుగా?"

"అవునండి. సిగ్గేసి."

ఆ మాట అందరి ముందూ అనడానికి ఎంత కష్టమైందో మాకు చెబుతున్నప్పుడు కూడా ఆయన నేల చూపులే చూశాడు. మాస్టారు బూట్లు విప్పి ఎక్కమన్నాడు. నిజం క్లచ్చి చెప్పు కంటే బరువు. బస్సు ఎగిరింది, ఆగిపోయింది. కింద ఎవరో ఎక్కిళ్ళని మళ్ళీ అన్నారు. ఆ హాస్యం డిపోలో స్థిరపడిపోయినట్టుంది. మామయ్యకి దిగిపోవాలనిపించింది. దిగితే బూట్లు తొడుక్కోవాలి. మళ్ళీ స్టార్టు చేశాడు.

ఆ రాత్రి అత్తయ్య అడగకముందే చెప్పాడు. "ఇవాళ ఆగిపోయింది."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు. వాళ్ళని అడిగితే చెబుతారు."

అత్తయ్య ఇంకో గరిటె అన్నం వేసింది. ఆ స్టాపు సంగతి జరిగాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

తర్వాత రోజుల్లో కుర్చీ ముందు, యార్డు తర్వాత, మళ్ళీ కుర్చీ. మాస్టారు చెప్పినట్టు రెండు సగాలూ ఎప్పుడు అతుక్కున్నాయో ఎవరికీ తెలియదు. రెండోసారి పరీక్షకి మా వీధి వాళ్ళెవరూ స్టాపుకి రాలేదు. అత్తయ్య ఎవరికీ చెప్పలేదు. పాసయ్యాడు.

ఇప్పుడాయన మార్కెట్ నుంచి పెద్దాసుపత్రికి బస్సు నడుపుతున్నాడు. బస్సులో కండక్టరు సీటు తీసేసి అక్కడ కార్డు మిషను పెట్టారు. బాగా నడుపుతాడని అందరూ అంటారు. ఒక్క మా వీధి చివరి స్టాపులో తప్ప. అక్కడ బెంచీ కాలు తిన్నగా చేశారు కానీ స్తంభం మీద గీత అలాగే ఉంది. మామయ్య ఆ వైపు చూడడు. అంచుకి దూరంగా, రోడ్డు మీదే ఆపేస్తాడు.

నిన్న నేను ఆ బస్సులోనే ఉన్నాను. ఒక పెద్దావిడ ఫుట్‌పాత్ దిగి, రోడ్డు మీద రెండడుగులు వేసి, ఎత్తు మెట్టు ఎక్కలేక కడ్డీ పట్టుకుని వేలాడింది.

"ఏం నాయనా, దగ్గరికి రావడానికి భయమా? నేనేమన్నా కరుస్తానా?"

"పొరపాటైందమ్మా," అన్నాడు మామయ్య. ఆవిడ కూర్చునేదాకా బస్సు కదల్చలేదు.

రాత్రి ఆ సంగతి ఆయనే అత్తయ్యకి చెప్పాడు, నేను చూశానని తెలిసి కాదు, ఇప్పుడు రోజూ చెబుతాడు గనుక. "దూరంగా ఆపాను. పెద్దావిడ చేత మాట పడ్డాను. ఆ స్తంభం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాదు."

అత్తయ్య ఆ వెడల్పాటి పళ్లెం కడిగి విడిగా పెట్టింది.

ఇవాళ సాయంత్రం నేను మేడ మీద చదువుకుంటుంటే మామయ్య పళ్లెం పట్టుకుని వచ్చాడు. వెనకే అత్తయ్య కుర్చీ తెచ్చింది. తీగ మీద దుప్పట్లు లేవు. ఎదురింటి మేడ మీద దర్జీ మొక్కలకి నీళ్ళు పోస్తూ అంతా చూస్తున్నాడు. మామయ్య ఒక క్షణం మెట్ల వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?" అన్నాడు దర్జీ.

మామయ్య చెప్పులు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ పక్క దూరంగా అత్తయ్య కూర్చుంది.

"స్టాపు నేర్చుకుంటున్నాను," అన్నాడు, కళ్ళు మూసుకుంటూ.